కొడవలి పట్టిన చేతికి కెమెరా

జహీరాబాద్: సినిమా తీయాలంటే పెద్ద చదువు ఉండాలి, పట్నంలో ఉండాలి, చేతినిండా డబ్బుండాలి అని అందరూ అనుకుంటారు. అది నిజం కాదని జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల దళిత మహిళలు పాతికేళ్ల కిందటే రుజువు చేశారు. పొద్దంతా కలుపు తీసి, కోత కోసిన చేతులే వీడియో కెమెరాను అందుకున్నాయి. బడి ముఖం ఎరుగని స్త్రీలు డాక్యుమెంటరీ చిత్రాలు తీశారు. వారు తీసిన చిత్రాలు జిల్లా దాటి, రాష్ట్రం దాటి, విదేశాల్లో సైతం ప్రదర్శనకు నోచుకున్నాయి. ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో వారి సొంత రేడియో కేంద్రం కూడా వెలసింది.

ఇది నేటి సంగారెడ్డి జిల్లాలో, అంటే పాత మెదక్ జిల్లా పడమటి అంచున జరిగిన కథ. దీనికి బీజం వేసిన వ్యక్తి మాత్రం ఈ ప్రాంతంలో పుట్టినవాడు కాదు. ఆయన మైసూరు నుంచి వచ్చిన పాత్రికేయుడు, దూరదర్శన్ నిర్మాత పి.వి. సతీశ్. పేదల గురించి చిత్రాలు తీసిన వారు మన దేశంలో చాలామందే ఉన్నారు. తన చేతిలోని కెమెరాను ఆ పేదల చేతికే ఇచ్చి పక్కకు తప్పుకున్న వారు అరుదు. సతీశ్ ఆ అరుదైన కోవకు చెందినవారు.

టీవీ వచ్చిన కొత్తలో

1945లో మైసూరులో జన్మించిన సతీశ్ న్యూఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్‌లో చదివారు. పాత్రికేయునిగా జీవితం ప్రారంభించి, తర్వాత దూరదర్శన్‌లో చేరి, సుమారు రెండు దశాబ్దాల పాటు పనిచేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాభివృద్ధి, అక్షరాస్యత వంటి విషయాలపై కార్యక్రమాలు రూపొందించారు.

1975 ఆగస్టు 1న దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని ఏడాది పాటు వాడుకుని, ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపారు. దీన్ని క్లుప్తంగా ‘సైట్’ ప్రయోగం అన్నారు. ఊరికి ఒక టీవీ. దాని ముందు ఊరంతా చేరేది. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లల చదువు వంటి విషయాలు అందులో వచ్చేవి. ఈ ప్రయోగంలో ముఖ్యపాత్ర వహించిన వారిలో సతీశ్ ఒకరు.

ఆ ప్రయోగం గొప్పదే. కరెంటు సరిగా లేని పల్లెలకు బొమ్మ, మాట ఒక్కసారిగా ఆకాశం నుంచి దిగివచ్చాయి. అయితే అందులో ఒక లోటు కూడా ఉంది. చెప్పేవాడు ఎక్కడో స్టూడియోలో ఉన్నాడు. వినేవాడు పల్లెలో నేలమీద కూర్చున్నాడు. మాది ఎర్రచెలక, మీరు చెప్పిన ఎరువు ఈ నేలకు పనికిరాదని ఒక రైతు అనాలనుకుంటే ఆ మాట స్టూడియోకు చేరే దారి లేదు. పల్లె చూడాల్సిందే తప్ప పల్లె చూపించేదేమీ లేదు. సతీశ్ తర్వాతి జీవితమంతా ఈ లోటును పూడ్చే ప్రయత్నంగానే సాగిందని చెప్పవచ్చు.

బీడు భూములు, రెండు రూపాయల బియ్యం

1983లో సతీశ్, మరికొందరు మిత్రులు కలసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. జహీరాబాద్ పక్కనే ఉన్న పాస్తాపూర్ దానికి కేంద్రమైంది. ఈ ప్రాంతం గురించి ఇక్కడి పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. వాన మీదే ఆధారం. ఎర్రనేలలు, మొరం నేలలు. దళితులకు ప్రభుత్వం ఇచ్చిన భూములు కాగితాల మీద ఉన్నా, నాగలి దిగని రాళ్లచెలకలుగా బీడుపడి ఉండేవి. ఆ భూమి యజమానులే మరొకరి పొలంలో కూలికి పోయేవారు.

సరిగ్గా అదే 1983లో రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేదవాడి కడుపు నింపిన పథకంగా దానికి మంచి పేరుంది. అందులో సందేహం లేదు. అయితే జొన్నరొట్టె, సజ్జరొట్టె, కొర్రబువ్వ తినే ఈ మెట్ట ప్రాంతంలో దానివల్ల మరో మార్పు కూడా వచ్చింది. దుకాణంలో చవకగా బియ్యం దొరుకుతున్నప్పుడు చెలకలో జొన్న వేసేదెందుకనే ఆలోచన మొదలైంది. తెల్లన్నం గొప్పింటి తిండి అయింది. జొన్నరొట్టె నామోషీ అయింది. పంటతో పాటు విత్తనం, విత్తనంతో పాటు దాన్ని కాపాడే తెలివి కూడా ఇళ్లలోంచి జారిపోసాగింది.

సొసైటీ మొదట్లో మగ రైతులతో సంఘాలు పెట్టి చూసింది. క్రమంగా దృష్టి పేద దళిత మహిళల వైపు మళ్లింది. ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. సుమారు 75 గ్రామాల్లో 5 వేల మంది వరకు మహిళలు ఈ సంఘాల్లో చేరారు. బీడు భూములను బాగుచేసుకున్నారు. కొన్నిచోట్ల కలసి కౌలుకు తీసుకుని సాగుచేశారు. 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో సుమారు 30 గ్రామాల్లో తమదైన జొన్నల పంపిణీ పద్ధతిని నడిపారు. ఊళ్లో పండిన జొన్నలను ఊళ్లోనే నిలవచేసి, ఏ ఇంటికి ఎంత ఇవ్వాలో సంఘమే నిర్ణయించి, వానాకాలం కరువు రోజుల్లో తక్కువ ధరకు అందించడం దీని పద్ధతి. ఊరూరా విత్తన నిధులు వెలిశాయి. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, పెసర, అనుము వంటి పంటల్లో పదుల కొద్దీ పాత రకాలు మళ్లీ గుల్లల్లోకి, కుండల్లోకి చేరాయి.

ఎవరి బొమ్మ ఎవరు తీయాలి?

సాధారణంగా పల్లెకు కెమెరా వచ్చేది ఎప్పుడు? కరువు వచ్చినప్పుడు వస్తుంది. రైతు పురుగుల మందు తాగినప్పుడు వస్తుంది. మంత్రి వచ్చినప్పుడు వెంట వస్తుంది. వచ్చినవాళ్లు ఒక పూట ఉంటారు. ముడతలు పడిన ముసలమ్మ ముఖాన్నో, ఎండిన చెరువునో పట్టుకుని పోతారు. తర్వాత ఆ బొమ్మ ఎక్కడ వేశారో, దాని కింద ఏం రాశారో ఆ ముసలమ్మకు తెలియదు. ఆమె విత్తనం ఎలా నిలవచేస్తుందో, ఏ నేలకు ఏ గింజ వేస్తుందో అడిగేవారు తక్కువ. ఆమె కష్టం వార్త అయింది కానీ ఆమె తెలివి వార్త కాలేదు.

ఈ పరిస్థితి మారాలంటే మంచి మనసున్న మరో దర్శకుడు రావడం చాలదని, సంఘం మహిళలే తమ బొమ్మలు తాము తీసుకోవాలని సతీశ్ భావించారు. 1990ల చివర్లో కొందరు మహిళలకు వీడియో కెమెరా వాడకంలో శిక్షణ మొదలైంది. వారిలో చాలామంది చదువుకోనివారు. కూలి పని, సొంత సేద్యం తప్ప మరొకటి ఎరుగని వారు. నెలల తరబడి సాగిన శిక్షణలో కెమెరా పట్టడం, మైకు అమర్చడం, వెలుతురు చూసుకోవడం, తీసిన ముక్కలను వరసలో కూర్చడం నేర్చుకున్నారు. అక్షరం రాకపోవడం పెద్ద అడ్డంకి కాలేదు. ఏ కథ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ముగించాలో రాత్రిళ్లు పాటలు, సామెతలు, శాత్రాలు చెప్పుకుంటూ పెరిగిన వారికి ఒకరు నేర్పనవసరం లేదు.

2001 అక్టోబరు 15న అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు ఈ బృందం కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా రూపుదిద్దుకుంది. హుమ్నాపూర్ లక్ష్మమ్మ, చిన్న నర్సమ్మ వంటి పేర్లు డాక్యుమెంటరీ చిత్రాల ప్రపంచంలో వినబడసాగాయి.

పటేల్ షాటు, సంఘం షాటు

సినిమా విద్యలో షాట్లకు ఇంగ్లీషు పేర్లు ఉంటాయి. కెమెరా పైనుంచి కిందికి చూస్తే ఒక పేరు, కిందినుంచి పైకి చూస్తే మరొక పేరు, కళ్లకు సమంగా చూస్తే ఇంకొక పేరు. ఈ మహిళలు వాటికి తమ బతుకులోంచి పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి తీసేది పటేల్ షాటు. గడీ అరుగు మీదనో, గుర్రం మీదనో కూర్చున్న పటేల్‌కు కూలిమనిషి అలాగే కనిపించేది కదా! కిందినుంచి పైకి తీసేది బానిస షాటు. చేతులు కట్టుకుని నేలమీద నిలబడ్డ జీతగాడికి దొర అంత ఎత్తున కనిపించేవాడు. ఇక ఎదుటి మనిషి కళ్లకు సమంగా కెమెరా పెట్టి తీసేది సంఘం షాటు. సంఘంలో అందరూ చాప మీద కూర్చుంటారు. ఎక్కువ తక్కువలు ఉండవు.

తమ చిత్రాల్లో వారు ఎక్కువగా వాడేది ఈ సంఘం షాటునే. దేశ దేశాల్లో ప్రసారమాధ్యమాల గురించి పాఠాలు చెప్పేవారు ఈ మూడు పేర్లను ఉదాహరణగా చూపడం విశేషం. కెమెరా ఎక్కడ పెట్టామన్నది లెన్సుల లెక్క మాత్రమే కాదని, ఎదుటి మనిషికి ఇచ్చే మర్యాదకు సంబంధించిన విషయమని ఆ పేర్లే చెబుతున్నాయి.

విషయాల ఎంపికలోనూ ఈ తేడా కనిపిస్తుంది. పట్నం నుంచి వచ్చినవారికి పొలం గట్టున పెరిగేది గడ్డి. సంఘం మహిళకు అదే గునుగు కూర, పొన్నగంటి కూర, తుమ్మి కూర. విత్తకుండా, డబ్బు పెట్టకుండా ఇంటికి వచ్చే ఆహారం. కలుపు మందు కొడితే పేదింటి పొయ్యి మీది కూర పోతుందన్న సంగతి చేలో వంగి కూర ఏరుకున్న మనిషికే ముందుగా తోస్తుంది. విత్తనాలను బూడిద కలిపి, వేపాకు వేసి, గుల్లలకు మట్టి మెత్తి దాచే పద్ధతులు, ఒకే చెలకలో పది పన్నెండు పంటలు కలిపి వేసే తీరు, పండుగలకూ పంటలకూ ఉన్న సంబంధం వారి చిత్రాలకు వస్తువులయ్యాయి. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించి ఊరూరా తిప్పే పాతపంటల జాతరను కూడా వారే చిత్రీకరించారు.

తీసిన చిత్రం ముందుగా వెళ్లేది పెద్ద ఊళ్ల ప్రదర్శనలకు కాదు. సంఘం సమావేశంలో టీవీ పెట్టి వేసేవారు. ఒక ఊరివాళ్లు చేసిన పని మరో ఊరివాళ్లు చూసి, తప్పొప్పులు చర్చించుకునేవారు.

వరంగల్ పత్తి చేలల్లో

ఈ చిత్రాలకు అసలైన పరీక్ష వరంగల్‌లో ఎదురైంది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులను లద్దెపురుగు ముంచింది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పులు తీర్చలేక అనేకమంది రైతులు అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ గాయం మానకముందే 2002 మార్చిలో దేశంలో బీటీ పత్తి సాగుకు అనుమతి లభించింది. కాయతొలిచే పురుగును తట్టుకునే గుణం గింజలోనే ఉంటుందని, మందుల ఖర్చు తగ్గుతుందని, దిగుబడి పెరుగుతుందని ప్రచారం జరిగింది. సాధారణ సంకర పత్తి విత్తనం పొట్లం 450 రూపాయల ప్రాంతంలో ఉంటే, బీటీ విత్తనం పొట్లం 1,600 రూపాయలు పలికింది.

పాస్తాపూర్ మహిళలు కెమెరా పట్టుకుని వరంగల్ జిల్లా పల్లెలకు వెళ్లారు. ఒక్కసారి వెళ్లి తీసుకుని రాలేదు. విత్తింది మొదలు పత్తి ఏరేదాకా అవే పల్లెలకు, అవే రైతుల దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లారు. మొలక వచ్చినప్పుడు రైతు ఏమన్నాడు, పూత మీద ఏమన్నాడు, చివరికి తూకం అయ్యాక ఏమన్నాడు, అన్నీ రికార్డయ్యాయి. మొదట్లో ఆశతో మాట్లాడిన మనిషే చివర్లో కోపంతో మాట్లాడటం అందులో కనిపిస్తుంది. అడిగేది సూటూబూటూ వేసుకున్న అధికారి కాదు. తనలాగే మట్టిలో బతికిన ఆడమనిషి. అందుకే రైతులు లెక్క దాచకుండా చెప్పారు.

వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకని ప్రశ్నించే పేరుతో 2003లో ఆ చిత్రం వెలువడింది. ఫ్రెంచి, స్పానిష్ వంటి పరాయి భాషల్లోకి కూడా దాన్ని మార్చారు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త డాక్టర్ అబ్దుల్ ఖయ్యూం, మరో శాస్త్రవేత్త కిరణ్ సక్కరి 2002 నుంచి మూడు సీజన్ల పాటు రైతుల ఖర్చులు, దిగుబడులు లెక్కగట్టారు. ఆ మూడేళ్ల కథతో మహిళలు 2005లో మరో చిత్రం తీశారు. శాస్త్రవేత్తల అంకెలు పుస్తకంలో ఉంటే, ఆ అంకెల వెనుక ఉన్న మనుషులు తెరమీద కనిపించారు.

అదే 2005 మే నెలలో కేంద్ర ప్రభుత్వపు జన్యుసాంకేతిక ఆమోద కమిటీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి మూడు బీటీ రకాలకు అనుమతి పొడిగించడానికి నిరాకరించింది. ఆ మూడు రకాలే మెక్ 12, మెక్ 162, మెక్ 184. 2006లో రాష్ట్ర ప్రభుత్వం విత్తన ధర మీద గుత్తాధిపత్య వ్యాపార నియంత్రణ కమిషన్ తలుపు తట్టింది. పొట్లం ధర 750 రూపాయలకు దిగింది. ఇదంతా ఒక్క సినిమా వల్ల జరిగిందనడం సరికాదు. రైతు సంఘాల ఆందోళన, పరిశోధకుల నివేదికలు, ప్రభుత్వ చొరవ అన్నీ కలిశాయి. వాటన్నింటి నడుమ రైతు ముఖం, రైతు గొంతు కనబడేలా, వినబడేలా చేసింది మాత్రం ఈ మహిళల కెమెరాయే.

బీటీ పత్తి వ్యవహారం అక్కడితో ముగియలేదన్నది కూడా నిజం. తర్వాత కొత్త రకాలు వచ్చాయి. నేడు దేశంలో పత్తి సాగులో అత్యధిక భాగం బీటీయే. దిగుబడి పెరిగిందని దాన్ని సమర్థించేవారు ఉన్నారు. గులాబీరంగు పురుగు దానికి అలవాటు పడి మళ్లీ విజృంభించడాన్ని చూపి విమర్శించేవారూ ఉన్నారు. పాస్తాపూర్ మహిళల చిత్రాలు ఒక పక్షం వహించిన మాట వాస్తవం. నష్టపోయిన రైతు పక్షం తమదని వారు దాచుకోలేదు. లాభపడిన రైతుల బొమ్మలతో ప్రకటనలు అచ్చవుతున్న రోజుల్లో నష్టపోయిన రైతు బొమ్మ కూడా ఉండాలి కదా అన్నది వారి వాదన. 2007లో వెలువడిన మరో చిత్రం కోసం దక్షిణాఫ్రికా, మాలి, ఇండొనేషియా వంటి దేశాల పత్తి రైతుల అనుభవాలను కూడా సేకరించారు. జహీరాబాద్ బస్టాండు దాటి ఎరుగని స్త్రీలు సముద్రాలు దాటి తోటి రైతులను పలకరించడం చిన్న విషయం కాదు.

పదేళ్లు మూగగా ఉన్న రేడియో

బొమ్మకు టీవీ కావాలి. మాటకు రేడియో చాలు. చేతులు పనిలో ఉన్నా చెవులు వింటాయి. అందుకే మహిళలు రేడియో కావాలని కోరుకున్నారు. 1990ల చివర్లో యునెస్కో సాయంతో మాచ్‌నూర్‌లో స్టూడియో ఏర్పడింది. యంత్రాలు వచ్చాయి. రికార్డు చేయడం నేర్చుకున్నారు. ప్రసారానికి మాత్రం ప్రభుత్వ అనుమతి లేదు.

గాలిలో సాగే తరంగాలు ప్రజల ఆస్తి అని, అవి ప్రభుత్వానికో, ప్రైవేటు వ్యాపారులకో గుత్త సొత్తు కావని 1995 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు తర్వాత పట్టణాల్లో వ్యాపార ఎఫ్ఎం స్టేషన్లు వచ్చాయి. 2002లో విద్యాసంస్థలకు అవకాశం ఇచ్చారు. పల్లె సంఘాలకు మాత్రం తలుపు తెరుచుకోలేదు. అన్ని సంవత్సరాలూ మాచ్‌నూర్ మహిళలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు తయారుచేసి, క్యాసెట్లలో నింపి, సంఘం సమావేశాలకు తీసుకెళ్లి టేపురికార్డరు మీద వినిపించారు. గాలిలో వెళ్లాల్సిన మాట సంచిలో పడి ఊరూరా నడిచి వెళ్లింది.

చివరికి 2006 నవంబరులో కేంద్రం కొత్త విధానం ప్రకటించి స్వచ్ఛంద సంస్థలకూ అవకాశం కల్పించింది. 2008 అక్టోబరు 15న, మళ్లీ గ్రామీణ మహిళా దినోత్సవం నాడే, 90.4 మెగాహెర్ట్జ్‌పై సంఘం రేడియో గొంతు విప్పింది. స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యాన ప్రసారం ప్రారంభించిన మొదటి సామాజిక రేడియోగా దేశంలో దీనికి గుర్తింపు లభించింది. 1995 నాటి తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ స్వయంగా వచ్చి దాన్ని ప్రారంభించడం గమనార్హం. ఢిల్లీలో చెప్పిన తీర్పు మాచ్‌నూర్‌లో అమలు కావడానికి పదమూడేళ్లు పట్టింది.

జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు ఈ రేడియోకు గొంతు అయ్యారు. పొలం పనులు ముగించుకుని జనం ఇల్లు చేరే సాయంత్రం వేళను ప్రసారానికి ఎంచుకున్నారు. కార్తెలను బట్టి చేయవలసిన సేద్యం పనులు, మందుమొక్కలు, పాత వంటలు, బతుకమ్మ పాటలు, పిల్లల ఆరోగ్యం, ఆడవాళ్ల కష్టసుఖాలు, అన్నీ ఇక్కడి మాటలోనే. బీదరు సరిహద్దు కావడంతో ఇక్కడి తెలుగులో కన్నడం, ఉర్దూ కలసి ఉంటాయి. ఆకాశవాణి వార్తల్లో ఎన్నడూ వినిపించని ఆ యాస తొలిసారిగా రేడియోలో వినిపించింది. సామాజిక రేడియోలు సొంతంగా వార్తలు ప్రసారం చేయరాదన్న నిబంధన ఉంది. కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగానే తయారుకావాలన్న నిబంధన కూడా ఉంది. ఈ రెండోది మాచ్‌నూర్‌కు ఏనాడూ కష్టం కాలేదు.

చిత్రకూట్ చెబుతున్న పాఠం

బొమ్మ ఎవరు తీశారన్నది ఎంత ముఖ్యమో ఉత్తరాదిన జరిగిన మరో ఉదంతం చాటుతోంది. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో ‘ఖబర్ లహరియా’ అనే పల్లెపత్రిక మొదలైంది. దాని విలేకరుల్లో ఎక్కువమంది దళిత, ఇతర వెనుకబడిన కులాల మహిళలు. బుందేలీ మాండలికంలో వార్తలు రాసి, తామే ఊరూరా తిరిగి పత్రిక అమ్మారు. తర్వాతి కాలంలో సెల్‌ఫోన్ పట్టుకుని వీడియో వార్తలకు మారారు.

వారి మీద రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ అనే దర్శకులు ‘రైటింగ్ విత్ ఫైర్’ అనే డాక్యుమెంటరీ తీశారు. 2021లో విడుదలైన ఆ చిత్రం ఎన్నో బహుమతులు గెలుచుకుని, 2022లో ఆస్కార్ పోటీకి నామినేషన్ సాధించింది. సరిగ్గా ఆస్కార్ వేడుకకు కొద్దిరోజుల ముందు ఖబర్ లహరియా బృందం ఒక ప్రకటన చేసింది. చిత్రం మనసును కదిలించేదిగా ఉన్నా, తమ పనిలో ఒక భాగాన్నే చూపిందని, తాము అన్ని పార్టీలనూ ప్రశ్నిస్తామన్న సంగతి అందులో సరిగా రాలేదని తెలిపింది.

ఆ దర్శకుల చిత్తశుద్ధిని ఎవరూ శంకించనక్కర లేదు. ఏళ్ల తరబడి వెంట తిరిగి శ్రద్ధతో తీశారు. అయినా చూసేవారికీ చూపబడేవారికీ మధ్య కొంత ఎడం మిగిలిపోయింది. పాస్తాపూర్‌లో సతీశ్ ఎంచుకున్న దారి ఈ ఎడాన్ని తగ్గించడానికే. ఆ దారిలోనూ చిక్కులు లేకపోలేదు. కెమెరా కొనాలన్నా, కంప్యూటరు బాగుచేయాలన్నా, విదేశాలకు వెళ్లాలన్నా సంస్థ అండ కావాలి. ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేవారు కావాలి. ఆ అండ లేకుండా ఎన్నాళ్లు నిలబడగలమన్నది ఇలాంటి ప్రయత్నాలన్నింటి ముందూ ఉన్న ప్రశ్న.

సతీశ్ తర్వాత

చిరుధాన్యాల కోసం నాలుగు దశాబ్దాలు పాటుపడిన సతీశ్ 2023 మార్చి 19న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆయన వయసు 77 ఏళ్లు. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా 2023నే. ఒకనాడు నామోషీ అనుకున్న జొన్న, కొర్ర, సామ ఇప్పుడు పట్నం దుకాణాల్లో అందమైన పొట్లాల్లో బియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముడుపోతున్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సంఘం మహిళల కృషికి ఈక్వేటర్ బహుమతి ప్రకటించింది.

నేడు కెమెరా అపురూపమైన వస్తువు కాదు. ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది. దానిలో కెమెరా ఉంది. పాతికేళ్ల కిందట నెలల శిక్షణతో సాధించినది ఇప్పుడు పదేళ్ల పిల్లవాడి చేతిలో ఉంది. కానీ ఆ ఫోన్లో పల్లె చూస్తున్నదెక్కువ, చూపిస్తున్నది తక్కువ. ‘సైట్’ కాలంలో ఊరికి ఒక టీవీ ఉంటే నేడు మనిషికి ఒక టీవీ అయింది. మాట మాత్రం ఇంకా బయటి నుంచే ఎక్కువగా వస్తోంది.

మరోవైపు విత్తనం తెలిసిన తరం ముసలిదవుతోంది. ఏ జొన్న ఏ నేలకు పనికొస్తుందో, కాన్పు అయిన ఇంట్లో ఏ గింజ వండాలో, కరువు ఏడాది ఏ ఆకు తిని బతికారో చెప్పగల అవ్వలు ఊరికి నలుగురైదుగురు మిగిలారు. వారి మాట ఏ పుస్తకంలోనూ లేదు. వారితోనే పోయే ప్రమాదం ఉంది. దాన్ని పట్టి ఉంచడానికి ఢిల్లీ నుంచి దర్శకుడు రానక్కర లేదు. మనవరాలి చేతిలోని ఫోను చాలు. అడగడానికి కాస్త ఓపిక, అవ్వ కళ్లకు సమంగా కూర్చునే మర్యాద ఉండాలి.

చదువు రాని తల్లులు సంఘం షాటుతో చేసి చూపించిన పని ఇదే. చదువుకున్న బిడ్డలు దాన్ని కొనసాగిస్తారా లేదా అన్నది జిల్లాలోని ప్రతి ఊరూ ఆలోచించుకోవలసిన విషయం.